అప్పు లేనివారిని కూడా పోస్ట్‌పెయిడ్ కనెక్షన్‌కు డిపాజిట్ ఎందుకు అడుగుతారు?

ప్రశ్న

నేను ఇన్నాళ్లూ ప్రీపెయిడ్ సిమ్‌నే వాడాను. ఈ మధ్య కొత్త ఫోన్‌ను వాయిదాల మీద తీసుకుని, దానితోపాటే పోస్ట్‌పెయిడ్‌కు మారదామని దరఖాస్తు చేశాను. ముందు క్రెడిట్ చెక్ చేశారు. ఆ తర్వాత సెక్యూరిటీ డిపాజిట్ కడితేనే ఖాతా తెరుస్తామన్నారు. నాకు స్థిరమైన ఉద్యోగం ఉంది, ఎవరికీ పైసా బాకీ లేను, క్రెడిట్ కార్డు కూడా ఎన్నడూ తీసుకోలేదు. ఇలాంటివారిని నమ్మకపోవడానికి కారణం ఏమిటి? ఈ చెక్ వల్ల నా స్కోరు దెబ్బతింటుందా? డిపాజిట్ తగ్గించుకునే మార్గం ఏదైనా ఉందా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1

మీ ప్రశ్నలోనే కారణం కనబడుతోంది. అప్పు లేకపోవడం వేరు, తీసుకున్న అప్పును గడువులోగా తీర్చిన చరిత్ర ఉండటం వేరు. క్రెడిట్ బ్యూరోల దగ్గర ప్రధానంగా ఉండేవి మీరు తీసుకున్న రుణాలు, వాడిన కార్డులు, వాటి చెల్లింపుల వివరాలే తప్ప, మీ పొదుపు గానీ ఉద్యోగంలో మీకున్న మంచిపేరు గానీ కాదు. రుణమే తీసుకోనివారి గురించి బ్యూరో చెప్పగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఎగవేసినవారిని తిరస్కరించి, మంచి రికార్డు ఉన్నవారిని నేరుగా చేర్చుకునే కంపెనీ, రికార్డే లేనివారిని డిపాజిట్ షరతు మీద చేర్చుకుంటుంది. కాబట్టి మిమ్మల్ని చెడ్డ ఖాతాదారుగా తేల్చారని బాధపడనక్కర లేదు. మీ గురించి వారికి తెలిసింది తక్కువ, అంతే.

అసలు పోస్ట్‌పెయిడ్ కనెక్షనే ఒక అప్పు. నెలంతా వాడుకున్నాక బిల్లు వస్తుంది, దాన్ని కట్టడానికి మరికొన్ని రోజుల గడువు ఉంటుంది, గడువు దాటినా హెచ్చరికలు పంపాకే కనెక్షన్ తీసేస్తారు. ఈ లెక్కన ఎగవేత బయటపడేసరికి ఒకటికి మించి నెలల వాడకం కంపెనీ నెత్తిన పడుతుంది. విదేశాల్లో రోమింగ్ వాడితే, అక్కడి నెట్‌వర్క్ నుంచి లెక్కలు ఆలస్యంగా వచ్చే సందర్భాల్లో ఆ మొత్తం ఇంకా పెరుగుతుంది. వీటన్నిటికీ మించినది ఫోన్ వాయిదా. మొదటి నెలలోనే ఖరీదైన వస్తువు మీ చేతికి వస్తుంది, దాని సొమ్ము మాత్రం రెండు మూడేళ్లపాటు కొద్దికొద్దిగా వసూలవుతుంది. మీ దరఖాస్తులో కంపెనీని ఎక్కువగా భయపెట్టింది ఇదే అయివుంటుంది. ఫోన్‌ను విడిగా పూర్తి ధర పెట్టి కొనుక్కుని, కనెక్షన్‌కు మాత్రమే దరఖాస్తు చేస్తే ఏమంటారో అడిగి చూడండి. చాలా చోట్ల డిపాజిట్ బాగా తగ్గుతుంది, కొన్ని చోట్ల అసలే ఉండదు.

స్కోరు విషయానికి వస్తే, విచారణలు రెండు రకాలు. పైపైన వివరాలు చూసుకునే సాఫ్ట్ ఎంక్వయిరీ వల్ల స్కోరు మారదు. దరఖాస్తుపై నిర్ణయం కోసం నివేదికను పూర్తిగా తెప్పించుకునే హార్డ్ ఎంక్వయిరీ నివేదికలో నమోదవుతుంది, స్కోరును కొద్దిగా తగ్గించవచ్చు. అమెరికా పద్ధతిలో ఇది నివేదికలో రెండేళ్లు ఉంటుంది గానీ, అక్కడ ఎక్కువగా వాడే క్రెడిట్ స్కోరైన ఫైకో లెక్కలోకి ఒక ఏడాది వరకే వస్తుంది. ఒక్క విచారణకు బెంబేలెత్తాల్సిన పనిలేదు. అయితే ఎక్కడ డిపాజిట్ తక్కువో చూద్దామని వరుసగా నాలుగైదు కంపెనీల్లో దరఖాస్తు చేయడం మంచిది కాదు. మీ వివరాలు ఇచ్చే ముందే అది ఏ రకం విచారణో అడగండి.

జవాబు 2

నేను గతంలో ఒక టెలికాం సంస్థ బిల్లుల వసూలు విభాగంలో పనిచేశాను. పై జవాబుతో ఏకీభవిస్తూనే, డిపాజిట్ రసీదు గురించి కొంత చెప్పదలచుకున్నాను, ఎందుకంటే తగాదాలు ఎక్కువగా వచ్చేది అక్కడే. కౌంటర్‌లో ఒకేసారి కట్టించుకునే మొత్తంలో యాక్టివేషన్ రుసుము, మొదటి నెల అద్దె, ఫోన్‌కు డౌన్ పేమెంట్, డిపాజిట్ అన్నీ కలిసిపోయి ఉండవచ్చు. వీటిలో మీకు తిరిగి రావలసింది డిపాజిట్ ఒక్కటే కనుక, రసీదులో దాన్ని విడిగా, ‘రిఫండబుల్’ అని స్పష్టంగా రాయించుకోండి. ఎన్ని నెలలు గడువులోగా బిల్లు కడితే తిరిగి ఇస్తారో, నగదుగా ఇస్తారో బిల్లులో సర్దుతారో, వడ్డీ ఏమైనా ఉంటుందో ఒప్పందంలో చదువుకోండి. ఒక్క బిల్లు ఆలస్యమైనా ఆ నెలల లెక్క మళ్లీ మొదటి నుంచి ప్రారంభమయ్యే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు.

చాలామంది పొరబడే విషయం మరొకటి ఉంది. ఇంటి అద్దె అడ్వాన్సును చివరి నెలల్లో సర్దుకున్నట్టే, కనెక్షన్ వదిలేసేటప్పుడు ఆఖరి బిల్లును డిపాజిట్‌లో పట్టుకుంటారులే అని ఊరుకుంటారు. ఖాతా లెక్క తేలి సర్దుబాటు జరిగేలోపు ఆ బిల్లు గడువు దాటిన బాకీగా నమోదు కావచ్చు, వసూలు ఏజెన్సీ దాకా పోతే క్రెడిట్ నివేదికలో మచ్చగా మిగలవచ్చు. ఆఖరి బిల్లు కట్టేసి, డిపాజిట్‌ను విడిగా అడిగి తీసుకోవడమే క్షేమం. చిరునామా మారినా, బ్యాంకు ఖాతా మారినా కంపెనీకి ముందే తెలియజేయండి. తిరిగి రావలసిన సొమ్ము పాత చిరునామాకు వెళ్లి ఆగిపోయిన ఖాతాలు నేను చాలా చూశాను.

జవాబు 3

ఇంత వ్యవహారం అవసరమా అని నా సందేహం. ప్రీపెయిడ్‌లో డబ్బు ముందే ఇస్తున్నారు కాబట్టి క్రెడిట్ చెక్ గానీ డిపాజిట్ గానీ సాధారణంగా ఉండవు. పోస్ట్‌పెయిడ్ వల్ల క్రెడిట్ చరిత్ర పెరుగుతుందన్న ఆశ కూడా అన్ని దేశాల్లో నెరవేరదు. బ్రిటన్‌లో నెలవారీ మొబైల్ ఒప్పందాలు క్రెడిట్ ఫైళ్లలో కనిపిస్తాయి. అమెరికాలో మాత్రం సక్రమంగా కట్టిన ఫోన్ బిల్లులు ప్రధాన బ్యూరోలకు సాధారణంగా చేరవు, ఎగవేసినవి మాత్రం వసూలు ఏజెన్సీల ద్వారా చేరుతుంటాయి.

మరొక పాఠకుడి ప్రశ్న

నాది కాస్త భిన్నమైన పరిస్థితి. నేను అమెరికాలో ఉంటున్నాను. కార్డులు ఉన్నాయి, స్కోరు కూడా బాగుంది, ఎన్నడూ ఆలస్యంగా కట్టింది లేదు. అయినా డిపాజిట్ అడిగారు. ఎవరినైనా అడిగితే కంప్యూటర్ అలా చూపిస్తోందంటున్నారు.

జవాబు 4

మోసాల భయంతో మీరు ఎప్పుడైనా మీ క్రెడిట్ ఫైల్‌ను ఫ్రీజ్ చేయించారేమో గుర్తు చేసుకోండి. ఫ్రీజ్‌లో ఉన్న ఫైల్‌ను కొత్త కంపెనీ చూడలేదు, అందువల్ల రికార్డు లేనివారిని చూసినట్టే మిమ్మల్నీ చూసే అవకాశం ఉంది. ఫ్రీజ్ చేయలేదంటే, పేరు, పుట్టిన తేదీ, పాత చిరునామా బ్యూరో వివరాలతో సరిపోయాయో లేదో చూడండి. ఇంటిపేరును ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా రాసేవారికి ఈ చిక్కు ఎదురవుతూనే ఉంటుంది. ఇవి గాక, ఫోన్, కరెంటు వంటి బిల్లుల చెల్లింపులను నమోదు చేసే నేషనల్ కన్స్యూమర్ టెలికాం అండ్ యుటిలిటీస్ ఎక్స్ఛేంజ్ అనే విడి సంస్థ కూడా అక్కడ ఉంది. మరిచిపోయిన పాత కనెక్షన్ బాకీ మామూలు స్కోరులో కనబడకపోయినా, దాని దగ్గర ఉండవచ్చు.

కంప్యూటర్ చూపించిందన్న మాటతో తృప్తిపడవద్దు. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం, క్రెడిట్ నివేదిక ఆధారంగా మీకు ప్రతికూలమైన నిర్ణయం తీసుకున్న కంపెనీ, ఆ నివేదిక ఏ సంస్థ నుంచి వచ్చిందో తెలుపుతూ నోటీసు ఇవ్వాలి. అది అందిన 60 రోజుల్లోగా అడిగితే ఆ సంస్థ మీ నివేదిక ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఆ నోటీసు అడిగి తీసుకోండి. కారణం ఫ్రీజేనని తేలితే, అన్ని బ్యూరోల దగ్గరా ఎత్తివేయనక్కర లేదు. నోటీసులో పేరున్న బ్యూరో దగ్గర కొద్ది రోజులకు తాత్కాలికంగా తీయించి, దరఖాస్తును మళ్లీ పరిశీలించమని అడగండి. అయితే రెండోసారి చూడటం కొత్త హార్డ్ ఎంక్వయిరీగా నమోదవుతుందా అన్నది ముందే తేల్చుకోండి.