రిటైరయ్యాక అమెరికా అడవిలో క్యాంప్‌గ్రౌండ్ హోస్ట్‌గా వాలంటీర్ పని: చేసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పగలరా?

అరండల్‌పేట మాస్టారు, గుంటూరు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి, చివర్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఉంటుంది. తను సిటిజన్ అయ్యాక మా ఇద్దరికీ గ్రీన్ కార్డ్ పెట్టింది, అది వచ్చేసింది. ఇక్కడ ఎండలు ముదరగానే అక్కడికి వెళ్తాం. వాళ్లిద్దరూ పొద్దున్నే పనిలోకి, మనవడు స్కూలుకి, మేం ఇంట్లో. కారు లేకపోతే కూరగాయలకి కూడా వెళ్లలేని చోటు, సాయంత్రం వాళ్లు వచ్చేదాకా గోడలు చూస్తూ కూర్చోవడమే.

పోయిన వేసవిలో అందరం అడవిలో టెంట్లు వేసుకునే చోటుకి వెళ్లాం. లోపలికి వెళ్లగానే ఒక ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు), దాని ముందు కుర్చీలో ఒక పెద్దాయన, పక్కన ఆయన భార్య. ఇద్దరికీ డెబ్బై దాటే ఉంటాయి. మాకు చోటు చూపించారు, తిండి సామానంతా ఇనుప పెట్టెలో పెట్టి గొళ్లెం వేయమన్నారు. తర్వాత మా మనవణ్ని తీసుకెళ్లి చెట్టు బెరడు మీద ఎలుగుబంటి గోళ్ల గీతలు చూపించి, అవి కొత్తవా పాతవా ఎలా పోల్చుకోవాలో ఓపిగ్గా చెప్పాడాయన. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అడవినీ జంతువుల్నీ బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినవాణ్ని, నాకు మనసు అటే లాగేసింది. అడిగితే తెలిసింది, వాళ్లు క్యాంప్‌గ్రౌండ్ హోస్టులట, జీతం ఉండదట, వేసవంతా అక్కడే ఉంటారట.

ఈ మాట మా ఆవిడతో అంటే ససేమిరా అంటోంది. ‘చదువు చెప్పిన చేత్తో అమెరికా వెళ్లి ఎవరెవరివో దొడ్లు కడుగుతారా, బ్రాడీపేటలో మనవాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారు’ అంటుంది. అది కొట్టిపారేసే మాట కాదు, అందుకే చేసినవాళ్లని అడుగుతున్నాను. పని ఎంత ఉంటుంది? ట్రైలర్ మనమే కొనుక్కోవాలా? నాకు షుగరు, ఆమెకి బీపీ. ఆసుపత్రికి దూరంగా అన్నాళ్లు ఉండొచ్చా?

కృష్ణలంక ఆడపడుచు:

మాస్టారూ, నమస్తే. పుట్టి పెరిగింది బెజవాడ కృష్ణలంకలో, ఇప్పుడు రెడ్డింగ్ దగ్గర ఉంటున్నాం. నేనూ మావారూ లాసెన్ నేషనల్ ఫారెస్ట్‌లో ఒక చిన్న క్యాంప్‌గ్రౌండ్‌కి హోస్టులుగా చేశాం, మళ్లీ చేస్తాం.

అమ్మగారు అడిగిన దానికే ముందు జవాబు చెప్తాను. అవును, కడగాలి, రోజూ కడగాలి. అక్కడివి నీళ్ల టాయ్‌లెట్లు కావు. కింద పెద్ద తొట్టి ఉంటుంది, పైన సీటు, ఎప్పుడో ట్యాంకర్ వచ్చి పంపు పెట్టి లాక్కెళ్తుంది. మన పని సీటు, గోడలు, నేల మందు కొట్టి తుడవడం, పేపరు పెట్టడం, తొట్టిలో ఎవరూ సీసాలూ డైపర్లూ వేయకుండా చూడటం. సీసా పడితే ట్యాంకర్ గొట్టానికి అడ్డం పడుతుంది, దాన్ని తీయడం ఎంత రోతో చెప్పక్కర్లేదు. మనవాళ్లు నీళ్ల సీసా తీసుకెళ్లి అక్కడే వదిలేస్తారు, తెలుగులో ఒక కాగితం రాసి లోపల అంటించాక అది బాగా తగ్గింది. గ్లవ్స్, పొడుగు కర్ర బ్రష్, మందు అన్నీ వాళ్లే ఇస్తారు. నాకైతే ఆ పనిలో చిన్నతనం ఎప్పుడూ అనిపించలేదు. పొద్దున్నే పిల్లలు పరిగెత్తుకొచ్చి తలుపు తీసి ముక్కు మూసుకోకుండా లోపలికి వెళ్తే, అది నా చేతి పని అని సంతోషంగా ఉండేది. ఇది మాత్రం అమ్మగారికి నా మాటగా చెప్పండి.

దానికన్నా ముఖ్యమైన పని నిప్పు. మధ్యాహ్నానికి జనం ఖాళీ చేస్తారు, అప్పుడు మనం ఒక్కో చోటుకీ వెళ్లి నెగడు గుంట చూడాలి. పైకి బూడిదే కనిపిస్తుంది. నీళ్లు పోసి, పారతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి తిప్పి వేళ్ల వెనక వైపు బూడిదకి దగ్గరగా పెట్టి చూడాలి, వేడి తగిలితే ఇంకా ఆరనట్టే. మా పక్కనే ఉన్న లాసెన్ పార్క్‌లో 2021లో డిక్సీ ఫైర్ అనే కార్చిచ్చుకి సగానికి పైగా భూమి కాలిపోయింది. ఆ నల్లటి మోళ్ల మధ్యనుంచి కారులో వెళ్లినవాళ్లెవరూ నెగడుని తేలిగ్గా తీసుకోరు. అది అంటుకున్నది నెగడు వల్ల కాదు గానీ, ఆగస్టులో ఆ అడవి ఎంత ఎండి ఉంటుందో అక్కడ అర్థమవుతుంది. ఎండు కాలంలో నెగళ్లు పూర్తిగా ఆపేస్తారు, ఆ మాట పిల్లలతో వచ్చి మార్ష్‌మెలోలు కాల్చుకుందామని కూర్చున్నవాళ్లకి చెప్పాల్సింది మనమే. ఈ పనికి కావాల్సింది కండబలం కాదు మాస్టారూ, నలుగురితో మంచిగా మాట్లాడే నోరు, అది మీ దగ్గర ఉంది.

ఒక రాత్రి సంగతి చెప్తాను. అందరూ పడుకున్నాక ఒక కారు లోపలికి వచ్చి అటూ ఇటూ తిరుగుతోంది. బయటికి వెళ్లి చూస్తే మనవాళ్లే, నెల్లూరు వాళ్లు, చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. వాళ్లు బుక్ చేసుకున్నది ఇదే పేరు లాంటి పేరున్న ఇంకో క్యాంప్‌గ్రౌండ్, కొండకి అవతల. ఫోనుకి సిగ్నల్ లేదు, పెట్రోలు కొద్దిగానే ఉంది. ఖాళీగా ఉన్న చోటు చూపించి, మావారు లాంతరు పట్టుకుంటే టెంటు వేసుకున్నారు, నేను బిడ్డకి పాలు వెచ్చబెట్టి ఇచ్చాను. పొద్దున రేంజరుకి (అక్కడి అటవీ అధికారి) రేడియోలో చెప్తే ఏమీ అనలేదు, డబ్బు కవరులో పెట్టించుకోమన్నాడు. హోస్ట్ ఉండేది ఇందుకే. అంత దూరంలో రాత్రిపూట జనం తట్టే తలుపు మనది ఒక్కటే.

ఎంత పని అంటే వారానికి ఇరవై, ముప్పై గంటలు అని రాసుకుంటారు, ఇద్దరూ పంచుకోవచ్చు. కానీ శుక్ర, శని, ఆదివారాలు కదలడానికి ఉండదు, మంగళ, బుధవారాల్లో అడవి అంతా మీదే.

పటమట సాయి:

మాస్టారి సంగతి వేరు, గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇది చూసి మీ అమ్మానాన్నల్ని విజిటర్ వీసా మీద పిలిపించి చేయించొచ్చని మాత్రం ఎవరూ అనుకోకండి. జీతం లేకపోయినా ట్రైలర్ పెట్టుకునే చోటు, కరెంటు, నీళ్లు ఉచితంగా ఇస్తారు, దాన్ని పనికి ప్రతిఫలంగా చూసే అవకాశం ఉంది. విదేశీయుల కోసం నేషనల్ పార్క్ సర్వీస్‌లో అంతర్జాతీయ వాలంటీర్ల పథకం విడిగా ఉంది, దానికి మామూలుగా జే1 వీసా కావాలి.

ఖాళీలు చాలావరకు వాలంటీర్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. పార్కుల్లో ఈ పద్ధతి 1970 నాటి చట్టంతో వచ్చింది, నేషనల్ ఫారెస్టులకి 1972లో ఇంకో చట్టం. చేరేముందు ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టిస్తారు. అందులో మీ పనులు ఏమేమిటో రాసి ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ఆ పని చేస్తుండగా దెబ్బ తగిలితే ప్రభుత్వ ఉద్యోగికిచ్చే పరిహారమే వాలంటీరుకీ వర్తిస్తుంది. షుగరు పడిపోతేనో బీపీ పెరిగితేనో మాత్రం అది వర్తించదు, ఆరోగ్య బీమా మీదే ఉండాలి. గ్రీన్ కార్డ్ వచ్చి ఐదేళ్లు అక్కడే నివాసం ఉంటే తప్ప 65 దాటినా మెడికేర్ (పెద్దవాళ్లకి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కోవడానికి కుదరదు. కాబట్టి ముందు బీమా తీసుకోండి, తర్వాతే మిగతావి. ఇంకొకటి, 250 గంటలు పూర్తి చేసినవాళ్లకి దేశంలోని ఫెడరల్ పార్కులన్నిటికీ ఏడాది పాస్ ఉచితంగా ఇస్తారు.

ట్రైలర్ చాలాచోట్ల మనదే ఉండాలి. పది వేల పౌండ్ల లోపుది లాగడానికి కాలిఫోర్నియాలో మామూలు లైసెన్స్ సరిపోతుంది. కొన్ని చోట్ల వాళ్లదే ట్రైలరో చిన్న గదో ఇస్తారు, అలాంటివాటి కోసం వెతకండి.

లక్ష్మీపురం నడక:

మాస్టారు గారూ, నేను కాస్త వేరే మాట చెప్తాను, కోపగించుకోకండి. అడవి మీద అంత ప్రేమ ఉంటే మనకి దగ్గర్లో నల్లమల ఉంది కదండీ. వినుకొండ, మార్కాపురం దాటి దోర్నాల చేరితే అక్కడి నుంచి శ్రీశైలం దాకా అడవే. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే మళ్లీ తెల్లవారాకే బండ్లు వదులుతారు.

అయితే అక్కడ హోస్ట్ పద్ధతి లేదు, ఉండాలని కూడా నేను అనను. బైర్లూటి, పచ్చర్లలో అటవీ శాఖ నడిపే క్యాంపులున్నాయి. వాటిలో వంట చేసేవాళ్లు, అడవి చూపించేవాళ్లు చాలామంది చెంచులు. అది వాళ్ల బతుకుతెరువు. పింఛను వచ్చే మనం వెళ్లి ఉచితంగా చేస్తామంటే వాళ్ల కూడు లాక్కున్నట్టే. మనలాంటివాళ్ల అవసరం ఎక్కడుందంటే, ఉగాదికి కర్ణాటక నుంచి భక్తులు ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచి వెళ్తారు, ఎర్రటి ఎండలో, పులులు తిరిగే అడవిలోనుంచి. దారిలో నీళ్లు, మజ్జిగ పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. భక్తులు వెళ్లిపోయాక వాగుల్లో మిగిలే గ్లాసులూ కవర్లూ ఏరేవాళ్లే తక్కువ. జింకలు ఉప్పు తగిలిన కవర్లు నాకుతుంటే చూశాను నేను, ఆ రోజంతా అన్నం సహించలేదు. అమెరికా వెళ్లి చేయండి, తప్పకుండా చేయండి, కానీ ఫిబ్రవరి, మార్చిల్లో ఇక్కడే ఉంటారు కదా, అటవీ శాఖ అనుమతి తీసుకుని ఒక జట్టుగా వెళ్దాం. మీరు వస్తానంటే పాత విద్యార్థులు పదిమంది వస్తారు.

అరండల్‌పేట మాస్టారు, గుంటూరు:

అందరికీ ధన్యవాదాలు. లక్ష్మీపురం వారూ, మీ మాట నాకు బాగా తగిలింది. ఉగాది ముందు తప్పకుండా వస్తాను, మా పాత బ్యాచ్ గ్రూపులో ఇవాళే పెడుతున్నాను. చెంచుల పని గురించి మీరన్నదీ సబబే.

కృష్ణలంక అమ్మా, మీరు రాసింది మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. చంటిబిడ్డ సంగతి దగ్గర మళ్లీ చదవమంది. ఇప్పుడు తనే కొన్ని అడుగుతోంది, తన మాటల్లోనే రాస్తున్నాను: ‘ఆవకాయ, నెయ్యి లేకుండా నాకు ముద్ద దిగదు, అవి పెట్టుకోవచ్చా? పొద్దున్నే దీపం పెట్టుకోవచ్చా? రాత్రి ఎవరైనా తాగి గొడవ చేస్తే ఈయన వెళ్లి ఆపాలా?’

కృష్ణలంక ఆడపడుచు:

అమ్మగారూ, మూడో దానికి ముందు చెప్తాను. ఆపక్కర్లేదు, ఆపకూడదు కూడా. హోస్ట్‌కి పోలీసు అధికారం లేదు. రాత్రి పదికి చప్పుడు తగ్గించమని ఒకసారి మర్యాదగా చెప్తాం, వినకపోతే కారు నంబరు, చోటు నంబరు రాసుకుని రేడియోలో చెప్పి వచ్చి తలుపు వేసుకుంటాం. మాస్టారికి క్లాసు అల్లరి ఆపిన అలవాటు ఉంటుంది కదా, ఆ ఊపులో వెళ్లకుండా మీరే చూసుకోవాలి.

ఆవకాయ బ్రహ్మాండంగా తెచ్చుకోండి. బయట బల్ల మీద మాత్రం క్షణం కూడా వదలొద్దు. ఎలుగుకి వాసన మైళ్ల దూరం నుంచి తెలుస్తుంది. ఒక్కసారి మనుషుల తిండి రుచి మరిగిందంటే అది టెంట్ల మీదికి రావడం మొదలుపెడుతుంది, చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. నేను అందరికీ చెప్పేది ఇదే, డబ్బా మూత మన కోసం కాదు, దాని ప్రాణం కోసం. సబ్బు, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, అగరొత్తుల పెట్టె కూడా ఇనుప పెట్టెలోకే. దీపం సంగతి, నెగళ్లు ఆపేసిన రోజుల్లో బయట మంట ఏదీ ఉండకూడదు, వత్తి దీపం కూడా. నేను ట్రైలర్ లోపల బ్యాటరీ దీపం పెట్టుకుని స్తోత్రం చదువుకునేదాన్ని.

మీరు అడగనిది ఒకటి. చలికాలమంతా మూసి ఉంచిన ట్రైలరో సామాన్ల గదో తెరవగానే చీపురు పట్టకండి. అక్కడి అడవి ఎలుకల రెట్టలో హంటావైరస్ ఉండొచ్చు, పొడిగా ఊడిస్తే దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. యోసెమిటీ నేషనల్ పార్క్‌లో 2012లో దానివల్ల ముగ్గురు పోయారు. తలుపులు తీసి కాసేపు గాలి ఆడనిచ్చి, బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి నాననిచ్చి, గ్లవ్స్‌తో తడిగుడ్డ పెట్టి ఎత్తాలి.

మందుల విషయం: ఇన్సులిన్ వాడుతుంటే ట్రైలర్ ఫ్రిజ్ గ్యాస్ మీద కూడా నడిచేది ఉండాలి. మొదటి ఏడాది మరీ మారుమూలకి వెళ్లొద్దు. ఎత్తు ఆరు వేల అడుగులు దాటనిది, ఆసుపత్రి గంట ప్రయాణంలో ఉన్నది, టెంట్లు వేసే చోట్లు ఇరవైకి మించనిది అడగండి. దరఖాస్తు పెట్టాక ఫోన్‌లో మాట్లాడతారు, అప్పుడే మీ షుగరు, బీపీ సంగతి దాచకుండా చెప్పేయండి, దాన్నిబట్టి వాళ్లే సరైన చోటు చూపిస్తారు. వేసవి హోస్ట్ ఖాళీలు చాలావరకు చలికాలంలోనే నిండిపోతాయి, కాబట్టి సంక్రాంతి లోపే పెట్టేయండి.