పదిహేనో శతాబ్దపు పునీతుల చెక్క అచ్చులు: రంగు ఎవరు వేశారు?

ప్రశ్న:
మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉన్న, చెక్క దిమ్మతో అచ్చువేసిన పునీత క్రిస్టఫర్ (క్రైస్తవ సాధువు) బొమ్మ డిజిటల్ ప్రతిని కొన్నాళ్లుగా చూస్తున్నాను. బాలయేసును భుజాన మోస్తూ నది దాటుతున్న ఆయన కింద, క్రిస్టఫర్ ముఖాన్ని ఏ రోజు చూస్తావో ఆ రోజు నీకు దుర్మరణం రాదనే అర్థంలో రెండు లాటిన్ పాదాలూ, 1423 అనే సంవత్సరమూ చెక్కి ఉన్నాయి. ఇలాంటి బొమ్మల్లో రంగులు అచ్చువేసినవారే వేశారా, లేక కొన్నవారు వేసుకున్నారా? నల్లగీతల బొమ్మే అసలు కృతి, రంగు పైపూత మాత్రమే అనుకోవచ్చా?

జవాబు 1:
అలా అనుకోకూడదు. ఆ బొమ్మలో ఎడమవైపు నీటిమర, గాడిద, కుడివైపు లాంతరు పట్టుకున్న సన్యాసి, అన్నీ బాహ్యరేఖలతోనే నిలిచాయి. బట్ట మడతలకు నాలుగు గీతలున్నాయి గాని, వెలుగునీడలను చూపే దట్టమైన సన్నగీతలు దాదాపు లేవు. చెక్కినవాడు రంగుకు చోటు వదిలాడన్నమాట. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1498లో అచ్చువేసిన, బైబిల్‌లోని ప్రకటన గ్రంథ చిత్రాల నాటికి ఆ నీడలను కూడా గీతలే మోయసాగాయి; అందుకే డ్యూరర్ చిత్రాలకు రంగు పూస్తే చెడిపోతాయని డచ్ పండితుడు ఎరాస్మస్ 1528లో రాయగలిగాడు. ఆ కొలబద్దతో అంతకు ముందరి బొమ్మలను కొలవడం వల్లే రంగు పైపూతగా కనిపిస్తుంది.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక సవరణ. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్, ఉల్మ్, న్యూరెంబర్గ్ వంటి పట్టణాల్లో బ్రీఫ్‌మాలర్లు అనే వృత్తివారు కాగితపు బొమ్మలకు రంగులు వేసి అమ్మేవారు కాబట్టి చాలావాటికి అంగడిలోనే రంగు పడిందనడం సబబే. అయితే ప్రతి బొమ్మనూ విడిగా పరీక్షించాల్సిందే. కుంచెతో నేరుగా వేస్తే పూత బట్ట మడతల వెంట నడుస్తుంది, కుంచె ఎత్తినచోట రంగు చిక్కగా నిలుస్తుంది. స్టెన్సిల్ (రంగు పడాల్సినచోట కత్తిరించిన అట్ట) వాడితే అంచు కత్తిరించినట్టు తెగుతుంది, రంగు మచ్చ మొత్తం ఒకే పక్కకు జరిగి, రెండోవైపు తెల్ల సందు మిగులుతుంది. కాగితం వెనుకభాగం ఫోటో దొరికితే తప్పక చూడండి: రాగి చిలుముతో చేసిన ఆకుపచ్చ కాలక్రమంలో కాగితాన్ని తింటుంది, ముందువైపు పచ్చగా కనిపించే చోటే వెనుక గోధుమరంగు మరక తేలుతుంది. ఇంత చెప్పినా, నాకు అలా పక్కకు జరిగిన ఎరుపు మచ్చలంటేనే ఇష్టం.

జవాబు 3:
సంవత్సరం విషయంలో జాగ్రత్త. 1423 అనేది చెక్క దిమ్మ మీద చెక్కిన అంకె. ఈ కాగితం ఎప్పుడు అచ్చయిందో, రంగు ఎప్పుడు పడిందో అది చెప్పదు. బొమ్మ దొరికింది జర్మనీలోని బుక్స్‌హైమ్‌లో కార్తూసియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠానికి చెందిన రాతప్రతి అట్ట లోపల, అతికించి ఉండగా. గోడలకు అంటించినవి చిరిగిపోయాయి, పుస్తకాల్లో దాగినవి మిగిలాయి. ఇటలీలోని ఫోర్లీలో 1428 నాటి అగ్నిప్రమాదంలో కాలకుండా మిగిలిందని భక్తులు కొలిచే మరియమ్మ బొమ్మ ఇందుకు మినహాయింపు. అది నేటికీ అక్కడి కతీడ్రల్‌లో ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఇన్నాళ్లూ రంగు గీత దాటిన ప్రతిచోటా పనివాడి చేయి జారిందనుకున్నాను. ఇప్పుడు అదే పూత ఎటు జరిగిందో, రెండోవైపు సందు మిగిలిందో లేదో చూస్తూ మళ్లీ మొదటినుంచి మొదలుపెడతాను.