నా ఇల్లు ఎవరికి అమ్మాలో సర్కారు చెప్పొచ్చా? సింగపూర్ జాతి కోటాపై మీ మాట

యిషున్ వాసి:
ఇక్కడ మా హెచ్‌డీబీ (సింగపూర్ ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఫ్లాట్ అమ్మకానికి పెట్టి ఏడు నెలలైంది. చూడ్డానికి వచ్చేవాళ్లకు లోటు లేదు. మొన్న ఒక చైనీస్ జంట వంటగది రెండుసార్లు తిరిగి చూసుకుని, గాలి బాగా వస్తోందని మురిసిపోయి, మేం చెప్పిన ధరకే ఒప్పుకున్నారు. ఏజెంట్ ఫోన్ తీసి కోటా చూశాడు. మా బ్లాకులో చైనీయుల వాటా నిండిపోయిందట. బేరం అక్కడితో సరి. ఇక ఇండియన్‌కో మలయ్‌కో అమ్మాలి. వాళ్లే తక్కువమంది, పైగా నా ఇరకాటం తెలిసి ధర కోసి అడుగుతున్నారు. ఒకటో తారీఖున కోటా లెక్క మారుతుంది కాబట్టి ప్రతి నెలా ఆ రోజు పళ్లు తోముకోకుండానే ఆ పేజీ తెరుస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఇక్కడ పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. 1989లో ఈ కోటా పెట్టారు. ఇప్పుడు ఒక్కో బ్లాకులో చైనీయులు 87, మలయ్‌లు 25, ఇండియన్లూ ఇతరులూ కలిపి 15 శాతం దాటకూడదు. చైనీయుడు చైనీయుడికి అమ్మితే లెక్క మారదు కాబట్టి ఏ అడ్డూ లేదు. ఇరుక్కునేది ఎక్కువగా నాలాంటి ఇండియనో, మలయ్‌నో. సామరస్యం పేరుతో ఇంత కట్టడి న్యాయమేనా?

టాంపనీస్ అమ్మమ్మ:
బాబూ, మా అత్తగారు మలయ్‌లకూ చైనీయులకూ మధ్య జరిగిన 1964 అల్లర్లు చూసిన మనిషి. జులైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, మొత్తం 36 మంది పోయారు. కర్ఫ్యూలో ఇంట్లో బియ్యం నిండుకున్న సంగతి చచ్చేదాకా చెబుతూనే ఉండేది. ఎనభైల్లో మళ్లీ ఎవరివాళ్ల దగ్గరికి వాళ్లు చేరడం మొదలైంది. మా వైపు మలయ్‌లు, హౌగాంగ్ వైపు చైనీయులు. అప్పుడే ధనబాలన్ గారు మంత్రిగా ఉండి ఈ కోటా తెచ్చారు. ఆయనా తమిళుడే, మనలాగా తక్కువమందిలో ఒకడు.

మా బ్లాకు కింద ఒక వారం మలయ్ పెళ్లి, మరో వారం చైనీస్ చావు. గంటలు, డప్పులు, పొగ. ఎవరూ నోరెత్తరు. ఎదురింటి మలయ్ ఆవిడ రంజాన్ పండక్కి కేకులు పంపిస్తుంది. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు కదా, దీపావళికి అందులోనే జంతికలు పోసి ఇస్తాను. ఇదంతా కోటా లేకుండా వచ్చేదంటావా?

మియాపూర్ అద్దెదారు:
మీరు కోటా ఉందని బాధపడుతున్నారు, మేం లేక చస్తున్నాం! టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే రెండో ప్రశ్నే "మీరేమిట్లు?" మా ఆఫీసులో ఒక ముస్లిం కుర్రాడు పేరు చెప్పిన ప్రతిచోటా "అయ్యో, ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారు బాబూ" అన్నారట. ఆ బోర్డులు నెల తర్వాత కూడా అలాగే వేలాడుతున్నాయి. నా ఇల్లు నా ఇష్టం అంటే చివరికి జరిగేది ఇదే. నా ఓటు కోటాకే.

సబర్మతి తెలుగోడు:
తొందరపడకండి అన్నా. నేనుండేది అహ్మదాబాదులో. ఇక్కడా సర్కారు అడ్డొస్తుంది, కాకపోతే తిరగేసి. 1991 నాటి డిస్టర్బ్‌డ్ ఏరియాస్ చట్టం ప్రకారం, నోటిఫై చేసిన వాడల్లో కలెక్టర్ అనుమతి లేకుండా స్థిరాస్తి అమ్మకూడదు. అల్లర్ల భయంతో జనం అయినకాడికి అమ్ముకుని పారిపోకుండా చూడ్డానికని పెట్టారు. ఉద్దేశం మంచిదే. ఇప్పుడేమో హిందువుల వీధిలో ముస్లిం ఇల్లు కొనబోతే అభ్యంతరాలు పుట్టుకొస్తాయి, ఫైలు కదలదు. అక్కడ కలపడానికి, ఇక్కడ ఎవరి వాడలో వాళ్లను ఉంచడానికి, అధికారం మాత్రం ఒకటే. ఇవాళ మంచివాళ్ల చేతిలో ఉందని ఇచ్చేస్తే రేపు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో!

యిషున్ వాసి:
అందరికీ థాంక్స్. అమ్మమ్మగారూ, మీ అరిసెల డబ్బా మాట కాదనలేను. కోటా తీసెయ్యమని నేనూ అనట్లేదు. కలిసి ఉండటం వల్ల లాభం ఊరందరిదీ అయినప్పుడు, నష్టం నా ఒక్కడి జేబులోంచి ఎందుకు పోవాలి? అదీ నా గోల. కోటా వల్ల ఎంతకీ అమ్ముడుపోని ఫ్లాట్లను హెచ్‌డీబీయే కొనే ఏర్పాటు 2022లో తెచ్చారు. అంటే నష్టం ఉందని వాళ్లే ఒప్పుకున్నట్టేగా! అదీ షరతులతోనే.

ఇంకోటి. కొనేచోట ఇంత పట్టుబట్టి కలిపే ఊళ్లో, అద్దె దగ్గరికొస్తే కథ వేరు. మేం వచ్చిన కొత్తలో గది కోసం ఫోన్ చేస్తే ముగ్గురు మొహం మీదే "నో ఇండియన్స్" అన్నారు. ఒకావిడ మాత్రం వంట ఎక్కువ చేస్తారా అని అడిగింది. ఫోన్లో ఇంగువ వాసన రాదనే ధైర్యంతో మా ఆవిడ "అబ్బే, సలాడ్లే తింటాం" అనేసింది. రెండేళ్లు కిటికీలన్నీ తెరుచుకునే పోపు పెట్టాం.

టాంపనీస్ అమ్మమ్మ:
అరిసెలు కాదు, జంతికలు. అద్దెల సంగతి మాత్రం నిజమే, మా చిన్నవాడికీ అదే అయింది.

సరే గానీ, మా చెల్లెలి కొడుకు యిషున్‌లోనే ఇల్లు వెతుకుతున్నాడు. సిటిజనే, మనవాడే, కోటా అడ్డురాదు. ఎన్నో అంతస్తో మెసేజ్ పెట్టు. ధర మాత్రం కాస్త చూసి చెప్పాలి నాయనా, ఏడు నెలల నుంచి ఖాళీగా ఉందంటున్నావుగా.

యిషున్ వాసి:
ఖాళీగా లేదండీ, మేమే ఉంటున్నాం!