చించినాడ వంతెన దిగుతుంటే బ్రేక్ బండరాయి అయిపోతోంది, బూస్టరేనా?

రాజోలు కాంటెస్సా:
1996 మోడల్ కాంటెస్సా, పెట్రోల్ ఐసుజు ఇంజిన్. మా నాన్నగారి బండి. పది రోజుల కిందట పాలకొల్లు వెళ్తూ చించినాడ వంతెన ఎక్కాను. దిగుడులో ముందు కొబ్బరికాయల ట్రాక్టరు. మొదటిసారి బ్రేక్ బాగానే పడింది. రెండోసారి కాస్త గట్టి. మూడోసారికి పెడల్ మీద నిలబడినంత పని చేసినా కిందికి దిగలేదు. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఎలాగో బయటపడ్డాను. పక్కకి ఆపి రెండు నిమిషాలాగి నొక్కితే మళ్లీ మామూలే! షెడ్డులో చూపిస్తే బూస్టర్ (ఇంజిన్ పీల్పుతో, అంటే వాక్యూమ్‌తో, పెడల్‌ని తేలిక చేసే భాగం) పోయింది, మార్చాలన్నారు. కొత్తది దొరకదు, ఎక్కడైనా పాతబండిది వెతకాలట. అసలు బూస్టరే పోయిందని తేల్చుకునేది ఎలాగండీ?

పాలకొల్లు మార్క్‌టూ:
మా అంబాసిడర్‌కి బూస్టరే లేదు, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. పెడల్ గట్టిగా ఉండటం మా బండికి జబ్బు కాదండి, పుట్టుకతో వచ్చిన గుణం.

గూడెం షెడ్డు:
వెంటనే బూస్టర్ కొనకండి. ముందు ఇంటి దగ్గరే ఇవి చూడండి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కితే లోపలి వాక్యూమ్ అయిపోయి గట్టిపడుతుంది. అలాగే నొక్కిపట్టి స్టార్ట్ చేయండి. కాలి కింద పెడల్ కొంచెం కుంగితే బూస్టర్ సాయం అందుతున్నట్టే. తర్వాత ఒక నిమిషం తిప్పి ఆపేయండి, తొక్కండి. మొదటిసారి కిందికి దిగి, ఆపై ఒక్కో తొక్కుకీ పైకి వస్తుంటే వాక్యూమ్ నిలబడుతోంది, చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది) కూడా బాగున్నట్టే. మూడోది, ఇంజిన్ నడుస్తుండగా నొక్కిపట్టి, అలాగే ఆపేసి అరనిమిషం చూడండి. పెడల్ కాలిని వెనక్కి నెడితే లోపల లీకు.
నొక్కిన క్షణంలో చిన్నగా ‘స్‌స్’ మంటే కంగారు పడకండి, అది గాలి తీసుకోవడమే. పెడల్ పట్టుకున్నంతసేపూ అదే శబ్దం, దాంతోపాటు ఇంజిన్ కూడా వణికితే అప్పుడు డయాఫ్రమ్‌ని, అంటే బూస్టర్ లోపలి రబ్బరు పొరని అనుమానించండి.

యానాం 118:
నాకు జరిగింది వేరేలా. బ్రేక్ ఆయిల్ నెలకోసారి తగ్గేది, నేల మీద మాత్రం చుక్క లేదు. చక్రాలన్నీ విప్పించాను, అన్నీ పొడిగానే ఉన్నాయి. చివరికి మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) నట్లు రెండూ తీసి, పైపులు విప్పకుండా ముందుకి జరిపి వెనక వేలు పెడితే తడి! వెనక వాచర్ (ఆయిల్‌ని ఆపే రబ్బరు సీలు) పోయి ఆయిలంతా బూస్టర్లోకి దిగుతోంది. సైలెన్సర్లో అప్పుడప్పుడు తెల్లపొగ వచ్చేది, అది ఇంజిన్ పీల్చుకున్న బ్రేక్ ఆయిలని అప్పుడు గాని వెలగలేదు. మీది కూడా డబ్బా మూత తీసి మట్టం చూడండి.

భీమవరం డీజిల్:
డీజిల్ బండివాళ్లు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి ఒక మాట. డీజిల్ ఇంజిన్ మేనిఫోల్డులో (ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టంలో) బూస్టర్‌కి సరిపడా వాక్యూమ్ పుట్టదు. నా బండిలో ఆల్టర్నేటర్ వెనకున్న పంపే పీల్చాలి. అది అరిగితే బూస్టర్ ఎంత కొత్తదైనా పెడల్ గట్టే. నేను బూస్టర్ కొన్నాకే ఈ సంగతి తెలిసింది, చెప్పుకోవడానికి సిగ్గే.

రాజోలు కాంటెస్సా:
గూడెం గారూ, మూడు పరీక్షలూ చేశాను. మూడూ పాస్! ఆయిల్ మట్టం కూడా సరిగ్గానే ఉంది. ఇంకా అయోమయంగా ఉంది.

గూడెం షెడ్డు:
ఎప్పుడు చేశారు?

రాజోలు కాంటెస్సా:
పొద్దున్నే, బండి బయటికి తీయకముందు.

గూడెం షెడ్డు:
అక్కడే ఉంది. మీకు వంతెన మీద జరిగింది వేడి ఇంజిన్‌తో, వెంటవెంటనే మూడు బ్రేకులు వేసినప్పుడు. మొదటిది బాగుంది, అంటే బూస్టర్లో నిల్వ ఉంది. తర్వాత నింపుకోవడం ఆలస్యమవుతోంది. పైగా దిగుడులో ఎక్సలేటర్ మీంచి కాలు తీసేస్తారు కదా, అప్పుడు మేనిఫోల్డులో పీల్పు ఇంకా ఎక్కువ. అయినా నిండటం లేదంటే దారిలో ఎక్కడో మూసుకుంటోంది. పది కిలోమీటర్లు తిప్పి, వేడి మీద బానెట్ ఎత్తి మేనిఫోల్డు నుంచి బూస్టర్‌కి వెళ్లే పైపునే చూడండి. ఎవరినైనా లోపల కూర్చోబెట్టి గబగబా బ్రేక్ తొక్కించండి, న్యూట్రల్లో, చక్రాలకి రాళ్లు పెట్టి. వాక్యూమ్ గేజ్ ఉంటే ఇంకా మంచిది, ఐడిల్లో 18 నుంచి 20 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ రావాలి.

రాజోలు కాంటెస్సా:
దొరికిందండీ! మా తమ్ముడు లోపల తొక్కుతున్నాడు, నేను టార్చి వేసి చూస్తున్నాను. పైపు మధ్యలో, సరిగ్గా వంపు దగ్గర, అప్పడంలా అతుక్కుపోయింది. ఇంజిన్ ఆపి కాసేపటికి మెల్లగా మళ్లీ గుండ్రం. చేత్తో పట్టుకుంటే మెత్తగా, వేడిగా ఉంది. వరదలొచ్చిన 2022లో ఎవరో బండి బాగుచేసి అసలు పైపు బదులు ఇది వేసినట్టున్నారు. తీసి చూస్తే రొయ్యల చెరువులకి గాలి పంపే మెత్తటి పైపు!

భీమవరం డీజిల్:
ఆ పైపు లోపలి నుంచి గాలి నెట్టడానికి, లోపలి గాలి పీల్చేస్తే ఏం ఆగుతుంది. మా ఊళ్లో కొట్టుకొట్టుకీ అదే దొరుకుతుంది, అందుకే వేసుంటారు.

గూడెం షెడ్డు:
లోపల దారం అల్లిక ఉన్న బ్రేక్ వాక్యూమ్ హోసే వేయండి. పెట్రోల్ పైపు, రేడియేటర్ పైపు వద్దు. క్లిప్పులు కూడా కొత్తవి. చెక్ వాల్వ్ విప్పినప్పుడు నోటితో ఊది చూడండి, ఒకవైపే గాలి పోవాలి.

రాజోలు కాంటెస్సా:
వాల్వ్ బాగానే ఉంది. కొత్త హోస్ వేయించి నిన్న వంతెన మీద మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను, మధ్యాహ్నం ఎండలోనే. పెడల్ ప్రతిసారీ ఒకేలా ఉంది. బూస్టర్ మాత్రం అదే పాతది.

యానాం 118:
లోపలి కొలత ఎంత తీసుకున్నారు? నాది కూడా మార్చాలి.

రాజోలు కాంటెస్సా:
పాత ముక్క చూపించి తెచ్చుకున్నా, కొలవలేదు. రేపు స్కేలు పెట్టి చెప్తాను.