‘గాఢాంధకారపు లోయ’ కంప్యూటర్‌కు ఎందుకు దొరకడం లేదు?

ఏలూరు సభ్యురాలు:
అందరికీ నమస్కారం. ఇది కంప్యూటర్ సందేహమో తెలుగు సందేహమో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. మా నాన్నగారు ఆదివారాలు బైబిల్ పాఠం చెప్తారు. ఇంట్లో కంప్యూటర్‌లో బైబిల్ స్టడీ సాఫ్ట్‌వేర్ వేయించుకున్నారు. 23వ కీర్తన తెరిస్తే నాలుగో వచనం చక్కగా కనిపిస్తుంది: "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను". సెర్చ్‌లో "అంధకారము" అని కొడితే మాత్రం ఈ వచనం రాదు. "గాఢ అంధకారము" అని కొడితే సున్నా ఫలితాలు. ఇంకోచోటి నుంచి తెచ్చుకున్న వ్యాఖ్యానమైతే తెరిచినప్పుడల్లా పిచ్చి గుర్తులే. సాఫ్ట్‌వేర్ వేసిన అబ్బాయి అంతా తీసేసి మళ్లీ వేస్తానంటున్నాడు. వేయించమంటారా?

తెలుగు మాస్టారు:
అమ్మా, సెర్చ్ సంగతికి మళ్లీ వేయించడం దండగ. రేపు కొత్తగా వేసినా అదే సున్నా వస్తుంది. సాఫ్ట్‌వేర్‌కు సంధి తెలియదు, అంతే.

గాఢ + అంధకారము కలిస్తే సవర్ణదీర్ఘ సంధి. "అం" పోయి "ఢాం" అయింది. మీరు కొట్టిన మాటలో మొదటి అక్షరం "అ". వచనంలో ఆ "అ" ఎక్కడుంది? లేదు. మనిషి కంటికి ఉంది, కంప్యూటర్‌కు లేదు. ఇక చివర చూడండి. అంధకారము + లోయ అన్నప్పుడు "ము" పోయి "పు" వచ్చింది, పుంప్వాదేశం. అంటే మీరు వెతికిన మాట రెండు కొసలూ అక్కడ మారిపోయాయి. మిగిలింది నడుమ ముక్క ఒక్కటే.

కాబట్టి ఆ నడుమ ముక్కనే వెతకండి: "ధకార". అంధకారము, అంధకారపు, గాఢాంధకారము అన్నీ వస్తాయి. సెర్చ్ ఆప్షన్లలో "పూర్తి మాట" అనే టిక్ ఉంటే తీసేయాలి, లేకపోతే ఇదీ రాదు.

గుంటూరు పాస్టరుగారు:
మాస్టారూ, ఆదికాండము మొదటి వచనంలోనే నాకు ఈ ఇబ్బంది. "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను." ఆకాశము అని వెతికితే బైబిల్ మొదటి వాక్యమే రాదు!

తెలుగు మాస్టారు:
భూమి + ఆకాశములు, యణాదేశం. అక్కడ "ఆ" విడిగా లేదు, "మ్యా"లో దీర్ఘంగా ఉంది. "కాశము" అని వెతకండి. "అవకాశము"లు కూడా వెంటపడి వస్తాయి, వాటిని భరించాలి.

ఇంకొకటి 23వ కీర్తన రెండో వచనంలోనే ఉంది: "పరుండజేయుచున్నాడు". పరుండ తర్వాత "చేయు" సరళాదేశంతో "జేయు" అయింది. "చేయుచున్నాడు" అని వెతికేవారికి అది చిక్కదు. మనం మాట్లాడే "చేస్తున్నాడు", "నడిపిస్తున్నాడు" అనే రూపాలైతే ఈ పాత అనువాదంలో వెతకడమే వృథా, అక్కడ ఉన్నవి "చేయుచున్నాడు", "నడిపించుచున్నాడు". వద్ద బదులు "యొద్ద". ఎహోవా అని కొట్టినా రాదు, "యెహోవా" అనే కొట్టాలి. సూత్రం ఒక్కటే అమ్మా: మాట మొదలూ చివరా వదిలేయండి. హల్లుతో మొదలయ్యే మూడు నాలుగు అక్షరాల నడుమ ముక్క పట్టుకోండి.

ఫాంట్ల సభ్యుడు:
మాస్టారు చెప్పినదానికి చిన్న అతుకు. చాలా ప్రోగ్రాముల్లో రెండు రకాల సెర్చ్ ఉంటుంది. ఒకటి ముందే తయారుచేసుకున్న ఇండెక్స్‌లో, అంటే మాటల జాబితాలో వెతికేది, రెండోది పాఠం మొత్తం చదువుకుంటూ పోయేది. మొదటిది చాలా వేగం, కానీ అది మాటలవారీగా దాచుకుంటుంది. మాట చివర నక్షత్రం గుర్తు పెడితే ఒప్పుకుంటుంది, మొదట్లో పెడితే మామూలుగా ఒప్పుకోదు. "ధకార" లాంటి ముక్కలకు రెండోదే కావాలి. క్సిఫోస్ అనే బైబిల్ ప్రోగ్రాము వాడేవారైతే సెర్చ్ కిటికీలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే రకం ఎంచుకుంటే చాలు. నాలుగు క్షణాలు ఆలస్యమైనా వస్తుంది.

బైబిల్ పాఠాన్ని కొత్త వెర్షన్‌కు అప్‌డేట్ చేశాక సెర్చ్ పాత ఫలితాలే ఇస్తోందంటే ఇండెక్స్ పాతదని అర్థం. ఆ ఒక్క పాఠానికి ఇండెక్స్ చెరిపి మళ్లీ కట్టమనండి.

డల్లాస్ సభ్యుడు:
నాకు "కృప" అని వెతికితే ఒక్కటి కూడా రాలేదు. బైబిల్‌లో కృప లేకపోవడమేమిటని భయమేసింది 😀

ఫాంట్ల సభ్యుడు:
మీ కీబోర్డు "క్రుప" అని కొట్టి ఉంటుంది సార్. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు టైపు చేసే పద్ధతుల్లో కొన్ని కృ ఇస్తాయి, కొన్ని క్రు ఇస్తాయి. సెర్చ్ పెట్టెలో చిన్న అక్షరాల్లో తేడా కనిపించదు. జూమ్ చేసి చూడండి.

ఇంతకన్నా మాయదారి తేడా ఇంకొకటుంది. తెలుగు సున్న "ం" వేరు, తెలుగు అంకె సున్నా "౦" వేరు. కంటికి దాదాపు ఒక్కటే, యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ ప్రతి అక్షరానికీ నంబరిచ్చే పట్టికలో, రెండు వేర్వేరు స్థానాలు. పాత రోజుల్లో టైపు చేసిన పాఠాల్లో సున్న బదులు అంకె కొట్టేసినవి ఉన్నాయి. "అ౦ధకారము" అని అంకెతో ఉన్న పాఠంలో మీరు "అంధకారము" అని ఎంత వెతికినా రాదు. "ధకార" అయితే ఈ చిక్కు నుంచి కూడా తప్పించుకుంటుంది. మాస్టారు తెలిసి చెప్పారో లేదో కానీ, ఆ ముక్క బంగారం.

అలాగే ఐత్వం. "శాంతికరమైన"లో ఉన్న "మై"ని యూనికోడ్‌లో రెండు విధాలా రాయొచ్చు. ఒక్క గుర్తుగా, లేదా ఎత్వం ఒకటి, కింది కొమ్ము ఒకటి విడివిడిగా. ప్రమాణం ప్రకారం రెండూ సమానం. ఆ సమానత్వాన్ని పాటించని ప్రోగ్రాముకు అవి రెండు వేర్వేరు మాటలు. మీరు టైపు చేసినది సరిగ్గానే ఉండి కూడా రాకపోతే, తెరమీద ఉన్న వచనం నుంచే మాట కాపీ చేసి సెర్చ్‌లో అతికించండి. అప్పుడు వచ్చిందంటే తప్పు సెర్చ్‌ది కాదు, అక్షరాలు దాచిన తీరుది. వాట్సాప్ నుంచి కాపీ చేసిన వచనంతో మాత్రం వెతక్కండి, కనిపించని గుర్తులు వెంట రావచ్చు.

ఏలూరు సభ్యురాలు:
"ధకార"తో వచ్చింది! నాన్నగారు ఇప్పుడు కుర్చీ దిగడం లేదు. వ్యాఖ్యానం గజిబిజి మాత్రం అలాగే ఉంది.

ఫాంట్ల సభ్యుడు:
అక్కా, ఏ రకం గజిబిజో చెప్తే మందు చెప్పొచ్చు. అన్నీ డబ్బాలేనా? చుక్కల వలయాలా? లేక ఇంగ్లిష్ "ఎ" నెత్తిన ఏటవాలు గీత పెట్టుకుని, పక్కన డిగ్రీ గుర్తుతో మాటిమాటికీ వస్తోందా?

ఏలూరు సభ్యురాలు:
మూడోది తమ్ముడూ. నెత్తిన గీత, పక్కన డిగ్రీ గుర్తు. కొన్నిచోట్ల కూడిక కింద గీత ఉన్న గుర్తు.

ఫాంట్ల సభ్యుడు:
అయితే పాఠం బాగానే ఉంది, టెన్షన్ పడకండి. యూటీఎఫ్-8 అంటే యూనికోడ్ పాఠాన్ని ఫైల్లో దాచే పద్ధతి. అందులో ప్రతి తెలుగు అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండిట్లో ఒకటి. ప్రోగ్రాము ఆ మూడు బైట్లను మూడు యూరప్ అక్షరాలుగా చదివితే మొదటిది గీత పెట్టుకున్న "ఎ"గా, రెండోది డిగ్రీ గుర్తుగానో ప్లస్-మైనస్ గుర్తుగానో కనిపిస్తుంది. అందుకే ఆ జంట అంతసార్లు వస్తోంది. ఫైలు తెలుగే, చదివేవాడికి పద్ధతి చెప్పలేదు.

మీ వ్యాఖ్యానం స్వోర్డ్ తరహా మాడ్యూల్ (బైబిల్ ప్రోగ్రాములో చేర్చుకునే పుస్తకం) అయితే మాడ్స్-డాట్-డి అనే ఫోల్డర్‌లో ఆ పుస్తకం పేరుతో చిన్న కాన్ఫ్ ఫైలు, అంటే సెట్టింగుల ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అందులో ఎన్‌కోడింగ్ అని ఒక వరుస ఉండి, దాని ఎదురుగా యూటీఎఫ్-8 అని ఉండాలి. ఆ వరుసే లేకపోతే ప్రోగ్రాము దాన్ని లాటిన్ పాఠంగా అనుకుంటుంది. వరుస చేర్చి సేవ్ చేసి, ప్రోగ్రాము మూసి తెరవండి. ముందు ఆ ఫైలుకో కాపీ పెట్టుకోండి.

మిగతా రెండు రకాలు కూడా చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, 7తో వాణి, 8తో నిర్మలా యూఐ వచ్చాయి, విండోస్ 10 నుంచి గౌతమి, వాణి మాత్రం కావాలంటే విడిగా చేర్చుకోవాలి కాబట్టి మీ దగ్గర ఏది ఉందో చూసి సెట్టింగుల్లో తెలుగు పాఠానికి వాటిలో ఒకటి ఎంచుకుంటే సరి. చుక్కల వలయం కనిపిస్తే గుణింతపు గుర్తు హల్లు లేకుండా ఒంటరిగా పడిందని, అది టైపింగ్ తప్పు, మాడ్యూల్ చేసినవారికి రాయాలి.

గుంటూరు పాస్టరుగారు:
మా సంఘంలో పాత ప్రసంగాలన్నీ డీటీపీలో చేసినవి. కాపీ చేసి నోట్స్‌లో పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా వస్తున్నాయి. అది నాలుగో రకమా?

ఫాంట్ల సభ్యుడు:
అవునండి. అది ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్ల కాలపు పాఠం. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే, ఆ ఫాంటు వేసినప్పుడు మాత్రమే తెలుగు బొమ్మలుగా కనిపిస్తాయి. సెట్టింగులు మార్చితే లాభం లేదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ గుండా పంపాలి, తర్వాత ఒత్తులు ఒక్కొక్కటీ కంటితో చూసుకోవాలి. సగం రోజు పని.

ఏలూరు సభ్యురాలు:
వరుస చేర్చాం. తెలుగు వచ్చేసింది! నాన్నగారి ఇంకో ప్రశ్న. గాఢాంధకారము అన్నచోట ఇంగ్లిష్ బైబిల్లో "మరణపు నీడ" అని ఉంది. మూలంలో ఏముందో తెలుసుకుందామని తెలుగు మాట మీద నొక్కితే ఏ నంబరూ రావడం లేదు. ఇదీ పాడైనట్టేనా?

తెలుగు మాస్టారు:
పాడైనట్టు కాదమ్మా. మీరు చెప్పేది స్ట్రాంగ్స్ నంబర్లు. 1890లో జేమ్స్ స్ట్రాంగ్ ప్రచురించిన పదానుక్రమణికలోవి. అవి కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ పాఠంలోని మాటల వెనకున్న హీబ్రూ, గ్రీకు మాటలకు ఇచ్చిన నంబర్లు. మన పాత తెలుగు పాఠానికి ఎవరో కూర్చుని మాటమాటకూ తగిలిస్తే తప్ప రావు. పక్క గడిలో నంబర్లున్న కింగ్ జేమ్స్ తెరిచి, అక్కడ నొక్కమనండి. హీబ్రూ 6757, "సల్మావెత్" అని వస్తుంది. ఇప్పుడు మాటను వదిలి ఆ నంబరును వెతకమనండి. యోబు గ్రంథంలో ఎక్కువ కనిపిస్తుంది.

నాకు రుచించినది దాని తర్వాతి పని. ఆ వచనాలు తెలుగులో ఒక్కొక్కటే చూడండి. కీర్తనలో గాఢాంధకారము. యెషయా 9:2లో అదే హీబ్రూ మాటకు "మరణచ్ఛాయ". ఆమోసు 5:8లో "కారు చీకటి". అనువాదకులు ఆ మాటను ఎలా విడదీయాలన్న మీమాంసలోనే ఉన్నట్టున్నారు. నీడ, మరణం అని రెండుగా విడదీసేది పాత పద్ధతి. కాదు, అది దట్టమైన చీకటికి ఒకే మాట అనే పండితులూ ఉన్నారు. నా మట్టుకు లోయకు గాఢాంధకారమే సరిపోయింది. ఆ "ఢాం" దగ్గర నోరు తెరుచుకుంటుంది చూడండి, చీకట్లోకి అడుగు పడినట్టే.

"మరణచ్ఛాయ" వెతికేటప్పుడు జాగ్రత్త. హ్రస్వం తర్వాత ఛ వస్తే ముందు ఒక చకారం చేరుతుంది, అందుకే "చ్ఛ". "మరణఛాయ" అని కొడితే రాదు. "ఛాయ" అని కొట్టండి. కొందరు "చ్చాయ" అని టైపు చేసి ఉంటారు కాబట్టి రానిచోట "చాయ" కూడా.

ఏలూరు సభ్యురాలు:
హీబ్రూ పాఠం కూడా పక్కన పెట్టుకున్నాం మాస్టారూ. 23వ కీర్తన సరిగ్గా జతపడింది. యెషయా 9:2 తెరిస్తే మాత్రం పక్కన వేరే వచనం వస్తోంది.

గుంటూరు పాస్టరుగారు:
అది నేను చెప్తాను, దీంతో నాకు రోజూ పనే. హీబ్రూ లెక్కలో అది యెషయా 9:1. మన 9:1 అక్కడ 8వ అధ్యాయం చివరి వచనం. కీర్తనల్లో ఇంకా ఎక్కువ. పైన ఉండే శీర్షికను హీబ్రూ చాలాచోట్ల వచనంగా లెక్కపెడుతుంది. 3వ కీర్తన మనకు 8 వచనాలు, అక్కడ 9. 51వ కీర్తన మనకు 19, అక్కడ 21. 23వ కీర్తనలో "దావీదు కీర్తన" అనే చిన్న శీర్షిక మొదటి వచనంలోనే కలిసిపోయింది కాబట్టి మీకు తేడా రాలేదు. మలాకీ మనకు 4 అధ్యాయాలు, అక్కడ 3. గ్రీకు పాత నిబంధన తెరిస్తే 23వ కీర్తన 22గా ఉంటుంది.

మంచి ప్రోగ్రాములు ఈ లెక్కలను సరిచేస్తాయి. పుస్తకం చేసినవారు ఏ లెక్కో చెప్పకపోతే సరిచేయలేవు. అలాంటప్పుడు రెండు గడులు కలిసి కదిలే లింకు తీసేసి, హీబ్రూను విడిగా తిప్పుకోమనండి.

ఏలూరు సభ్యురాలు:
అర్థమైందండి. ఇంతకీ ఆ అబ్బాయి రేపు మళ్లీ వేస్తానని వస్తున్నాడు, రావద్దనమంటారా?

ఫాంట్ల సభ్యుడు:
రావద్దనండి అక్కా. ఎప్పుడైనా నిజంగా వేయాల్సి వస్తే, ముందు నాన్నగారు రాసుకున్న నోట్స్, రంగులు పూసుకున్న వచనాలు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో వెతికి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. బైబిల్ పాఠం ఎన్నిసార్లైనా డౌన్‌లోడ్ అవుతుంది, ఆయన నోట్స్ కావు.