మంచుకు మాడిన సత్సుమా బతుకుతుందా?

ప్రశ్న: మూడేళ్ల క్రితం నాటిన సత్సుమా నారింజ. మొన్న రాత్రి మైనస్ 8 డిగ్రీలకు పడిపోయింది. ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఎండిన కొమ్మలు ఇప్పుడే కొట్టేయాలా?

జవాబు 1: కత్తెర ముట్టుకోకండి. మాడిన ఆకులు రాలిపోతుంటే మంచి గుర్తే, కొమ్మలో ఇంకా ప్రాణం ఉన్నట్టు. ఎండి కొమ్మకే అంటుకుని ఉంటే మాత్రం ఆ కొమ్మ చాలావరకు పోయినట్టే. గోటితో బెరడు కాస్త గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు. నేనొకసారి తొందరపడి కొట్టేస్తే లేత చిగుళ్లు వచ్చాయి, తర్వాతి మంచుకు అవీ మాడిపోయాయి. ఇప్పటికీ బాధేస్తుంది. వసంతంలో చిగురించేదాకా ఆగండి.

జవాబు 2: అంటు కట్టిన చోటుకు కింద మూడేసి రెక్కల ఆకులతో చిగుళ్లు వస్తే అవి సత్సుమావి కావు, దాన్ని అంటు కట్టిన అడుగు మొక్క ట్రైఫోలియేట్ ఆరెంజ్‌వి. అది చలికి గట్టిదే కానీ కాయలు చేదు. వెంటనే తుంచేయండి. వచ్చే చలికాలానికి ముందు అంటు మునిగేలా మట్టి ఎగదోయండి, చలి తగ్గాక తీసేయండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే గీరి చూశాను. సన్న కొమ్మలు గోధుమరంగే. బొటనవేలంత లావు కొమ్మలో మాత్రం తడిగా, లేత పచ్చగా ఉంది!