లావాల్‌లో ఉన్న మా అమ్మాయి ఫ్రెంచ్‌లో దరఖాస్తు పెడితే వైకల్య పరిహారం ఆలస్యమవుతుందా?

ప్రశ్న (లావాల్, క్యూబెక్ నుంచి ఒక తండ్రి)

సభ్యులందరికీ నమస్కారం. మేము గుంటూరు జిల్లా నుంచి 1991లో మాంట్రియల్ వచ్చి స్థిరపడినవాళ్లం. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. వలస వచ్చినవారి పిల్లలు ఫ్రెంచ్ బడిలోనే చదవాలని 1977 నాటి క్యూబెక్ భాషా చట్టం చెబుతుంది కనుక ఆమె చదువంతా ఫ్రెంచ్‌లోనే సాగింది. ఇంట్లో తెలుగు, బయట ఫ్రెంచ్, అవసరం పడితే ఇంగ్లీషు. ఇరవయ్యో ఏట కెనడా సైన్యంలో చేరి, వాల్‌కార్తియే స్థావరంలో సరఫరా విభాగంలో పన్నెండేళ్లు పనిచేసి, 2017లో గౌరవంగా విడుదలై వచ్చింది.

ఆమెకు రెండు మోకాళ్లూ, నడుమూ దెబ్బతిన్నాయి. ఇప్పుడు రెండో అంతస్తుకు మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటోంది. ఇన్నేళ్లూ పరిహారానికి దరఖాస్తు పెట్టలేదు. ఇప్పుడు పెడదామంటే బంధువులు తలా ఒక మాట చెబుతున్నారు. ఫ్రెంచ్ దరఖాస్తులు మూలన పడి ఉంటాయని, ఇంగ్లీషులో పెట్టమని ఒకరంటే, ఆడవాళ్ల దరఖాస్తులకు మగవాళ్లవాటికంటే ఎక్కువ కాలం పడుతుందని మరొకరు అంటున్నారు. ఇందులో నిజమెంత? ఏ భాషలో పెట్టాలి? ఎనిమిదేళ్లు గడిచిన తరువాత అసలు పెట్టవచ్చునా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (ఒట్టావా నుంచి ఒక విశ్రాంత నర్సు)

నమస్కారం బాబాయి గారూ. మాజీ సైనికుల దరఖాస్తులు నింపడంలో కొన్నేళ్లుగా సాయం చేస్తున్నాను కనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను. మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అన్నిటికంటే తొందరగా తేలవలసింది అదే. ఎనిమిదేళ్లు గడిచినా నిస్సందేహంగా పెట్టవచ్చు. ప్రాథమిక శిక్షణ పూర్తిచేసి గౌరవంగా విడుదలైన ప్రతివారినీ మాజీ సైనికుల వ్యవహారాలు చూసే కెనడా ప్రభుత్వ శాఖ వెటరన్స్ అఫైర్స్ కెనడా మాజీ సైనికులుగానే గుర్తిస్తుంది, విడుదలై ఎన్నేళ్లయిందన్నది అడ్డు కాదు. అయితే 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పద్ధతిలో నెలనెలా వచ్చే 'పెయిన్ అండ్ సఫరింగ్ కాంపెన్సేషన్'ను (నొప్పికీ బాధకూ ఇచ్చే పరిహారాన్ని) దరఖాస్తు అందిన నెలనుంచి లెక్కగడతారే తప్ప గాయమైన నాటినుంచి లెక్కగట్టరు. కాబట్టి కాగితాలన్నీ చేతికి వచ్చాక పెడదామని ఆగడం వల్ల ప్రతి నెలా నష్టమే. ఉన్నవాటితో ముందు దరఖాస్తు నమోదు చేయించండి, మిగిలినవి తరువాత జతచేయవచ్చు.

ఇక ఆలస్యం సంగతి. మీ బంధువులు చెప్పినది పుకారు కాదు. మహిళలూ ఫ్రెంచ్‌లో దరఖాస్తు చేసినవారూ ఇతరులకంటే ఎక్కువ కాలం ఎదురుచూస్తున్నారని మాజీ సైనికుల అంబుడ్స్‌మన్ కార్యాలయం 2018లోనే తేల్చిచెప్పింది. 2022 మే నెలలో ఆడిటర్ జనరల్ కరెన్ హోగన్ పార్లమెంటుకు సమర్పించిన నివేదిక కూడా అదే మాట చెప్పింది. మొదటిసారి దరఖాస్తు చేసినవారికి నిర్ణయం రావడానికి మధ్యస్థ కాలం 39 వారాలని, అంటే సగం మంది అంతకంటే ఎక్కువే ఆగారని అందులో ఉంది. శాఖ తనకు తాను పెట్టుకున్న గడువు 16 వారాలు, అది కూడా నూటికి ఎనభై దరఖాస్తులకు. ఆ 16 వారాలను దరఖాస్తు పంపిన రోజునుంచి కాక, కావలసిన కాగితాలన్నీ తమకు అందిన రోజునుంచి శాఖ లెక్కపెడుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. డాక్టరు ఫారం నాలుగు నెలలు ఆలస్యమైతే ఆ నాలుగు నెలలు ఆ లెక్కలోకి రావు, కాని అవి గడిచేది మాత్రం మీ అమ్మాయి జీవితంలోనే. ఈ విషయం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

అలాగని భయపడి ఇంగ్లీషులో పెట్టమని నేను సలహా ఇవ్వను. ఇది ఆత్మాభిమానం కోసం చెబుతున్న మాట కాదు. అమ్మాయి పన్నెండేళ్లు వాల్‌కార్తియేలో ఉన్నదంటే ఆమె సర్వీసు వైద్య రికార్డు అధికభాగం ఫ్రెంచ్‌లోనే ఉంటుంది, శాఖ ఆ రికార్డును రక్షణ శాఖ నుంచి స్వయంగా తెప్పించుకుంటుంది. పైన ఫారం ఇంగ్లీషులో, లోపల రికార్డు ఫ్రెంచ్‌లో ఉంటే ఆ ఫైలు ఫ్రెంచ్ చదవలేని అధికారి బల్లమీదికి చేరే అవకాశం ఉంది, అప్పుడు ఆమె తప్పించుకుందామనుకున్న ఆలస్యమే అనువాదం రూపంలో ఎదురవుతుంది. ఫ్రెంచ్ దరఖాస్తులకూ మహిళల దరఖాస్తులకూ శాఖ తరువాతి కాలంలో ప్రత్యేక బృందాలను ఏర్పాటు చేసింది. ఫారం ఫ్రెంచ్‌లో ఉంటే ఫైలు సరైన బృందానికి వెళుతుంది. దీనికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. నొప్పి ఎలా మొదలైంది, ఏ పనిలో పెరిగింది, రాత్రివేళ ఎలా ఉంటుంది అన్నవాటిని మనిషి తనకు బాగా వచ్చిన భాషలో మాత్రమే ఉన్నది ఉన్నట్లు చెప్పగలదు. ఫెడరల్ శాఖ నుంచి ఫ్రెంచ్‌లోగాని ఇంగ్లీషులోగాని సేవ పొందడం ఆమెకు అధికార భాషల చట్టం ఇచ్చిన హక్కు.

ఫైలు త్వరగా కదలాలంటే అది తిరిగి ప్రశ్నలతో వెనక్కు రాకుండా ఉండాలి. ఇందుకు మూడు సంగతులు స్పష్టంగా ఉండాలి. ఇప్పుడు ఉన్న వైకల్యానికి డాక్టరు నిర్ధారణ ఉండాలి, అది ఎంత తీవ్రంగా ఉందో వైద్య ప్రశ్నావళిలో నమోదు కావాలి, సర్వీసుకూ దానికీ ఉన్న సంబంధం ఆమె స్వంత వాక్యాలలో ఉండాలి. "మోకాలి నొప్పి" అన్నది నిర్ధారణ కాదు, అది లక్షణం మాత్రమే. ఆస్టియో ఆర్థరైటిస్ (కీళ్ల అరుగుదల) అనో, మెనిస్కస్ (మోకాలిలోని మెత్తటి ఎముక పొర) చిరిగిందనో డాక్టరు రాయాలి. చాలా ఫైళ్లు ఇక్కడే ఆగిపోతాయి.

సర్వీసుతో సంబంధం గురించి రాసేటప్పుడు ఒక్క పెద్ద ప్రమాదం కోసమే వెతకవద్దని అమ్మాయికి చెప్పండి. సరఫరా విభాగంలో పెట్టెలు ఎత్తడం, లారీల మీదినుంచి దూకడం, బరువైన సంచితో కవాతు చేయడం ఏళ్లతరబడి సాగిన పనులు కదా! ఎంత బరువు, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని సంవత్సరాలు అన్నది అంచనాగానైనా రాయాలి. కెనడా సైన్యంలో మహిళలు సుమారు 16 శాతం మాత్రమే. మగవారి శరీరానికి కుట్టిన సంచులూ కవచాలూ తమ నడుముకూ తుంటికీ ఎంత చేటు చేశాయో మాజీ మహిళా సైనికులు పార్లమెంటు కమిటీ ముందు చెప్పారు, మహిళా సైనికులపై ఆ కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. అమ్మాయికి ఇచ్చిన సామగ్రి సరిపోకపోతే ఆ సంగతి కూడా తప్పక రాయాలి.

మరొక మాట, బాబాయి గారూ. ఇది తండ్రిగా మీతో చెప్పడానికి నాకు కొంచెం సంకోచంగానే ఉంది. బరువులు మోసే ఉద్యోగాల్లో ఏళ్లతరబడి ఉన్న ఆడవాళ్లకు కటి కండరాల బలహీనత, మూత్రం ఆపుకోలేకపోవడం వంటి ఇబ్బందులు ఉండవచ్చు, ఇవి ఇంట్లో నాన్నతో చెప్పుకునేవి కావు. మనసుకు తగిలిన గాయాలూ అంతే. వీటికి కూడా దరఖాస్తు చేసుకోవచ్చునని మాత్రం ఆమెకు చెప్పి, ఆపైన ఆమె నిర్ణయానికి వదిలివేయండి. కావాలంటే నాకు నేరుగా రాయమనండి.

ప్రశ్న వేసినవారు

అమ్మా, మీరు ఇంత ఓపికగా రాసినందుకు కృతజ్ఞతలు. మీ సమాధానం అమ్మాయికి చదివి వినిపించాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత "నేనే ఆవిడకు రాస్తాను నాన్నా" అన్నది. నాకు ఇంకొక అనుమానం ఉంది. సైన్యంలో ఉన్నప్పుడు నొప్పి గురించి ఫిర్యాదు చేస్తే బలహీనురాలంటారని ఆమె వైద్యుల దగ్గరకు వెళ్లింది రెండు మూడుసార్లే. రికార్డులో ఏమీ లేనప్పుడు మన మాట నమ్ముతారా? పోతే, జీవన నాణ్యత గురించిన ప్రశ్నావళి నింపేటప్పుడు అన్నిటికీ "పరవాలేదు" అనే అర్థం వచ్చే జవాబులే రాస్తోంది.

సమాధానం (విశ్రాంత నర్సు)

ఆ "పరవాలేదు" దగ్గరే మన ఇళ్లలో అందరం పొరపడతాం. పలకరించినవారికి చెప్పే ఆ మాటకు ఆ ప్రశ్నావళిలో చోటు లేదు. అందులో అడిగేది ఆమె బాగా ఉన్న రోజు గురించి కాదు, మామూలు రోజు గురించి. బట్టలు వేసుకోవడానికి ఎంతసేపు పడుతోంది, సరుకుల సంచి ఎవరు మోస్తున్నారు, మానేసిన పనులేమిటి అన్నవి రాయాలి. పెంచి రాయవద్దు, తగ్గించి కూడా రాయవద్దు. వైకల్యం ఎంత శాతమో నిర్ణయించేటప్పుడు వైద్య నివేదికతో పాటు ఈ జవాబులనూ లెక్కలోకి తీసుకుంటారు.

ఎదురుచూసే కాలంలో చికిత్స ఆగనవసరం లేదన్నది కూడా ఆమెకు తెలియాలి. పి.టి.ఎస్.డి. (భయంకర అనుభవాల తరువాత మిగిలే మానసిక రుగ్మత), కుంగుబాటు, ఆందోళన రుగ్మతలకు దరఖాస్తు పెట్టినవారికి నిర్ణయం రాకముందే చికిత్స ఖర్చు భరించే ఏర్పాటు 2022 ఏప్రిల్ 1 నుంచి ఉంది, దరఖాస్తు తిరస్కరించినా అది రెండేళ్ల వరకు కొనసాగుతుంది. మోకాళ్లకూ నడుముకూ ఇటువంటి ఏర్పాటు లేకపోవడం నా దృష్టిలో అన్యాయమే. రికార్డు లేకపోవడం గురించి చట్టం తెలిసినవారు చెబితే బాగుంటుంది.

సమాధానం (టొరంటో నుంచి ఒక న్యాయవాది)

మాస్టారూ, మాజీ సైనికుల సంక్షేమ చట్టంలోని 43వ సెక్షన్ మీ అనుమానానికి జవాబు చెబుతుంది. నిర్ణయం తీసుకునే అధికారి, ముందున్న ఆధారాలనుంచి సహేతుకంగా ఊహించదగినదంతా దరఖాస్తుదారుకు అనుకూలంగానే ఊహించాలి, నమ్మదగినదిగా ఉండి, మరే ఆధారమూ కాదనని ఆమె వాంగ్మూలాన్ని అంగీకరించాలి, సంబంధం రుజువైందా లేదా అన్న సందేహం మిగిలితే దానిని ఆమెకు అనుకూలంగానే తీర్చాలి. మన పత్రికలు 'సంశయ లాభం' అని రాస్తాయే, అది ఇక్కడ అధికారి చూపే దయ కాదు, చట్టం విధించిన బాధ్యత. అయితే ఏ ఆధారమూ లేనిచోట ఈ సెక్షన్ ఒక్కటే పని చేయదు. కనుక ఆమెతో పనిచేసిన ఇద్దరు ముగ్గురు సహోద్యోగులతో, ఆమె కుంటుతూ నడవడం, బరువులు ఎత్తడం తాము కళ్లారా చూశామని తేదీలతో సహా సంతకం చేసిన వాంగ్మూలాలు రాయించండి. విడుదలైన తరువాత ఇంట్లో గమనించినవి మీరు కూడా రాయవచ్చు.

తిరస్కరించినా, కొంత భాగమే అంగీకరించినా నిరాశ చెందవద్దు. సర్వీసు వల్ల కలిగిన భాగం ఎంత అన్నది అయిదో వంతుల్లో నిర్ణయిస్తారు. అయిదింట మూడు వంతులే ఇచ్చారని అసంతృప్తి ఉంటే వెటరన్స్ రివ్యూ అండ్ అప్పీల్ బోర్డు ముందు పునర్విచారణ కోరవచ్చు. శాఖలోనే బ్యూరో ఆఫ్ పెన్షన్స్ అడ్వొకేట్స్ అనే న్యాయవాదుల విభాగం ఉంది. వారు దరఖాస్తుదారు తరఫున ఉచితంగా వాదిస్తారు, కాబట్టి నావంటి ప్రైవేటు న్యాయవాదికి డబ్బు కట్టవలసిన అవసరం లేదు. విచారణ ఫ్రెంచ్‌లో జరపమని కోరవచ్చు, ఆమె స్వయంగా హాజరై మాట్లాడవచ్చు. మొదటి దరఖాస్తు నింపడానికైతే మాజీ సైనికుల సంఘమైన రాయల్ కెనడియన్ లీజియన్ సర్వీసు అధికారులు ఉచితంగా సాయపడతారు, అందుకు సభ్యత్వం అవసరం లేదు.

ఆలస్యం హద్దు దాటితే పైన చెప్పిన మాజీ సైనికుల అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు. ఫ్రెంచ్‌లో సేవ అందకపోతే అధికార భాషల కమిషనర్‌కు వేరుగా రాయాలి. రెండింటికీ పనికివచ్చేలా మొదటి రోజునుంచే ఒక నోటుపుస్తకంలో ఏ తేదీన ఏ కాగితం పంపారో, ఫోనులో ఎవరు ఏ భాషలో ఏమన్నారో రాసుకోండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మాయి తన ఆన్‌లైన్ ఖాతాలోనుంచి ఫ్రెంచ్‌లోనే దరఖాస్తు పంపింది. మోకాళ్లకూ నడుముకూ మాత్రమే కాక, మరొక సమస్యకు కూడా పెట్టానని చెప్పింది, నేను వివరం అడగలేదు. చివరిగా ఒక చిన్న సందేహం. ఆమె ఎం.ఆర్.ఐ. నివేదిక ఒట్టావాలో తీసినది కనుక ఇంగ్లీషులో ఉంది. దానిని ఫ్రెంచ్‌లోకి అనువదించి పంపాలా?

సమాధానం (విశ్రాంత నర్సు)

అవసరం లేదు బాబాయి గారూ. రెండు భాషలలో ఏ భాషలో ఉన్న కాగితాన్నైనా శాఖ తీసుకోవలసిందే. ఉన్నది ఉన్నట్లుగా ఈ రోజే జతచేయమనండి. అమ్మాయి ఉత్తరం నాకు అందింది. ఆదివారం ఫోను చేస్తానని ఆమెకు చెప్పండి.